1947లో రెండు నిర్ణయాలు: నాగరత్నమ్మ, ముత్తులక్ష్మి, దేవదాసీ చట్టం

1947లో మద్రాసు రాష్ట్రంలో రెండు సంగతులు జరిగాయి. టంగుటూరి ప్రకాశం పంతులు గారి చొరవతో ముద్దుపళని కావ్యం ‘రాధికాసాంత్వనం’ మీద ఉన్న నిషేధాన్ని ప్రభుత్వం తీసేసింది. అదే ఏడాది, ఆడపిల్లల్ని గుడికి దేవదాసీలుగా సమర్పించడం నేరమంటూ చట్టం వచ్చింది. ఆ కావ్యాన్ని 1910లో మద్రాసు ప్రచురణకర్తలు వావిళ్ళ వారి చేత అచ్చు వేయించింది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆమె దేవదాసి. ఆ చట్టానికి పునాది వేసింది డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి. ఆమె తల్లి చంద్రమ్మాళ్ పుట్టింది కూడా దేవదాసీ కుటుంబంలోనే. ఇద్దరూ మద్రాసులోనే ఉండేవారు. ఒకరు తెచ్చిన బిల్లును రెండోవారు గట్టిగా ఎదిరించారు.

మహిళా దినోత్సవం నాటి ప్రసంగాల్లో ఇద్దరి పేర్లూ ఒకే వరుసలో చదివేస్తుంటారు. ఒకరు సంగీత విదుషి, ఇంకొకరు తొలి మహిళా శాసనసభ్యురాలు, ఇద్దరూ గొప్పవాళ్ళు అని చెప్పి వేదిక దిగిపోతారు. ఇద్దరి మధ్యా వచ్చిన తగాదా మాత్రం ఎవరూ ఎత్తరు. నాకు ఆ తగాదాయే ముఖ్యం అనిపిస్తుంది. అందులో ఇద్దరి మాటా నిజమే. ఇద్దరూ మాట్లాడింది వేర్వేరు మనుషుల గురించి. ముత్తులక్ష్మి కళ్ళ ముందు ఉన్నది తనకేం జరుగుతోందో తెలియని పసిపిల్ల. నాగరత్నమ్మ కళ్ళ ముందు ఉన్నది సొంత ఇల్లు, సొంత సంపాదన, సొంత పేరు ఉన్న నడివయసు విదుషి. చట్టం రాసినవాళ్ళు ఈ ఇద్దరినీ విడదీసి చూడలేదు. ముడి అక్కడ పడింది.

అసలు ఆ వ్యవస్థ ఎలా నడిచేదో ముందు చూడాలి. దేవదాసి అనే ఒక్క పేరు కింద చాలా రకాల జీవితాలు ఉండేవి. గుడిలో హారతి సేవా, ఊరేగింపుల్లో పాటా ఆటా బాధ్యతగా ఉన్నవాళ్ళు కొందరు. తంజావూరు లాంటి ఆస్థానాల్లో కవిత్వం చెప్పి, నాట్యం చేసినవాళ్ళు కొందరు. జమీందార్ల ఇళ్ళలో, పెద్దల పెళ్ళిళ్ళలో మేజువాణీలు, అంటే ఆటపాటల కచేరీలు, చేసే మేళాలు మన కోస్తా జిల్లాల్లో ఎక్కువ. వాళ్ళని కళావంతులు అనేవారు, చులకనగా భోగం వాళ్ళనీ అనేవారు. ఏ కళా చేతికి అందక, పూట గడవక ఆ బతుకులోకి నెట్టబడిన పేదరాళ్ళూ ఈ లెక్కలోనే ఉండేవారు.

కాలికి తొలిసారి గజ్జె కట్టే గజ్జెపూజ అయి, దేవుడి పేర తాళిబొట్టు కట్టించుకున్న పిల్లకి ఇక మామూలు పెళ్ళి ఉండదు. పెద్దమనిషి అయ్యాక ఏ షావుకారో, ఏ జమీందారో పోషకుడిగా వస్తాడు. ఆ మాటలు నడిచేది ఇంట్లో పెద్ద ఆడవాళ్ళతో. నీకు ఇష్టమేనా అని పిల్లని అడిగే ఘట్టం ఆ ఆచారంలో ఎక్కడా లేదు.

కానీ అదే ఇంట్లో ఆస్తి ఆడవాళ్ళది. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి దిగేది. కూతుళ్ళు లేకపోతే ఆడపిల్లని దత్తత తీసుకునేవారు. ఆ దత్తతలకు ఉన్న ఆచార బలాన్ని మద్రాసు కోర్టులు కొన్ని సందర్భాల్లో గుర్తించాయి కూడా. గుడి సేవ ఉన్నవాళ్ళకి మాన్యాలు, అంటే సేవకి బదులుగా ఇచ్చిన భూములు, ఉండేవి. చదువు ఉండేది. తెలుగు, సంస్కృతం, తమిళం, సంగీత శాస్త్రం ఇంట్లోనే గురువుల దగ్గర నేర్చుకునేవారు. గృహస్థుల ఇళ్ళలో సంగతి దీనికి పూర్తిగా వేరు. 1937 చట్టం వచ్చేదాకా కొడుకులున్న హిందూ వితంతువుకి భర్త ఆస్తిలో తిండీ బట్టా తప్ప వాటా లేదు. 1937లో వచ్చిన వాటా మీద కూడా 1956 దాకా పూర్తి హక్కు రాలేదు. కాబట్టి దేవదాసీ ఆచారాన్ని ఎత్తేయండి అన్నప్పుడు ఆ ఇళ్ళలో కొందరు పెద్దవాళ్ళకి, మా కూతుళ్ళ చేతిలోంచి ఆస్తిని లాగేయండి అన్నట్టు వినిపించింది. ఆ భయం ఉత్త భయం అనడానికి వీల్లేదు.

నాగరత్నమ్మ 1878లో మైసూరు సంస్థానంలోని నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టులక్ష్మి. సంగీతం, నాట్యం, సంస్కృతం, కన్నడం, తెలుగు నేర్చుకుని, బెంగుళూరులో పేరు తెచ్చుకుని, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసు వచ్చి స్థిరపడ్డారు. అప్పటి మద్రాసు సంగీత రంగానికి జార్జిటౌన్ గుండెకాయ. వీణ ధనమ్మాళ్ ఇంట్లో శుక్రవారం సాయంత్రం కచేరీలు అక్కడే జరిగేవి. క్షేత్రయ్య పదాలూ జావళీలూ ఇప్పటిదాకా మన చెవిన పడుతున్నాయంటే అలాంటి ఇళ్ళలోని ఆడవాళ్ళ గొంతుల వల్లే.

నాగరత్నమ్మకి సాహిత్యం మీద అభిమానం ఎక్కువ. ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి, తంజావూరును ఏలిన ప్రతాపసింహుడి ఆస్థానంలోది. ‘రాధికాసాంత్వనం’ 1887లో ఒకసారి అచ్చయింది. అందులో కవయిత్రి తన గురించీ తన ఇంటి ఆడవాళ్ళ గురించీ చెప్పుకున్న అవతారికా (ముందుమాట పద్యాలు), ఇంకొన్ని పద్యాలూ లేవు. నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, పూర్తి పాఠంతో, తన పీఠికతో 1910లో ప్రచురింపజేశారు. కథ చిన్నదే. రాధ తాను పెంచిన ఇళాదేవిని కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. తర్వాత ఆ ఎడబాటు తట్టుకోలేక అలుగుతుంది. కృష్ణుడు వచ్చి బతిమాలుకుంటాడు. శృంగారంలో ఆడదాని కోరిక ముందు నడవడం, మగవాడు బుజ్జగించడం ఇందులో విశేషం.

కందుకూరి వీరేశలింగం పంతులు గారికి ఈ కావ్యం నచ్చలేదు. ‘ఆంధ్ర కవుల చరిత్ర’లో ముద్దుపళని నడతనీ రచననీ తప్పుపట్టారు. ఆడవాళ్ళు వినకూడని మాటలు ఆడదాని నోట రావడమేమిటన్నది ఆయన అభ్యంతరం. నాగరత్నమ్మ తన పీఠికలో పేరు పెట్టి జవాబిచ్చారు. సిగ్గూ మర్యాదా ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి అక్కర్లేదా అని అడిగారు. పంతులు గారే చూసి ఒప్పుకున్న ‘వైజయంతీవిలాసం’లో ఉన్నదానికంటే ఇందులో ఎక్కువ ఏముందన్నారు. ఆయన సొంత ‘రసికజన మనోరంజనం’ సంగతేమిటనీ నిలదీశారు. వంద పైచిలుకు ఏళ్ళ కిందట ఒక దేవదాసి అంత పెద్ద మనిషిని అచ్చులో అలా ప్రశ్నించిందంటే ఆ గుండె ధైర్యానికి ఈరోజుకీ నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఇక్కడ వీరేశలింగం గారిని దుర్మార్గుడిగా నిలబెట్టడం చాలా సులభం, చాలా అన్యాయం కూడా. 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించి, ఊరంతా వెలివేసినా నిలబడ్డ మనిషి ఆయన. ఆడపిల్లల బడి కోసం, ఆడవాళ్ళ పత్రిక కోసం జీవితం ధారపోశారు. భోగం మేళాలకు పోవద్దని ఆయన చేసిన ప్రచారానికీ కారణం ఉంది. భర్త డబ్బంతా అక్కడ తగలేస్తే ఇంట్లో భార్యాపిల్లలు పస్తులుండే కాలం అది. ఆయన లెక్కలో గృహిణి బాధితురాలు. ఆ లెక్క సరైనదే. ఆ లెక్కలో రెండో ఆడది, అంటే మేళం కట్టే మనిషి, మనిషిగా కనిపించకపోవడం లోపం. ఆ తర్వాత నలభై ఏళ్ళూ సంస్కరణ మీద ఈ లోపం నీడ పడుతూనే వచ్చింది.

1911లో పోలీసులు వావిళ్ళ వారి మీద పడ్డారు. కావ్యం అశ్లీలమని ప్రభుత్వం తేల్చింది, ప్రతులు పట్టుకున్నారు. మగ కవులు రాసిన శృంగార కావ్యాలు ఎన్నో పండితుల బల్లల మీద అలాగే ఉండిపోయాయి.

ఇప్పుడు రెండో వైపు. ముత్తులక్ష్మి 1886లో పుదుక్కోట్టైలో పుట్టారు. తండ్రి నారాయణస్వామి అయ్యర్ అక్కడి మహారాజా కాలేజీకి ప్రిన్సిపాల్. ముత్తులక్ష్మి ఆ కాలేజీలో చేరతానంటే మగపిల్లల కాలేజీలో ఆడపిల్ల ఏమిటని గొడవ చేశారు. తల్లి పుట్టుక కూడా ఎత్తిచూపారు. మహారాజు ఒప్పుకోవడంతో సీటు వచ్చింది. 1912లో మద్రాసు మెడికల్ కాలేజీ నుంచి డాక్టరుగా బయటికొచ్చారు. 1914లో డాక్టర్ సుందర రెడ్డి గారిని పెళ్ళాడుతూ, తనని సమానంగా చూడాలనీ, తన పనికి అడ్డురాకూడదనీ ముందే మాట తీసుకున్నారు. 1926 చివర్లో మద్రాసు శాసనమండలికి నామినేట్ అయ్యారు. ఉపాధ్యక్షురాలిగానూ ఎన్నికయ్యారు.

డాక్టరుగా ఆమె ఈ సమస్యని పిల్లల వైపు నుంచి చూశారు. సుఖవ్యాధులు, చిన్న వయసులో కాన్పులు, మధ్యలో ఆగిపోయిన చదువు. అప్పటికే శిక్షాస్మృతిలో 372, 373 సెక్షన్లు ఉన్నాయి. మైనర్ ఆడపిల్లని వ్యభిచారం కోసం అమ్మినా కొన్నా శిక్ష. మరి కొత్త చట్టం ఎందుకు? అసలు చిక్కు ఇక్కడుంది. ఆ సెక్షన్ల కింద నేరం రుజువు కావాలంటే, వ్యభిచారం కోసమే పిల్లని ఇచ్చారని చూపించాలి. ఇంటివాళ్ళు మాత్రం ఇది దేవుడి సేవ, మా కులాచారం అంటారు. గుడిలో అర్చకుడి ఎదుట, మేళతాళాలతో జరిగిన తంతు అది. ఉద్దేశం ఎలా రుజువు చేస్తారు? అందుకే ఉద్దేశంతో పని లేకుండా, సమర్పణ తంతునే నేరం చేయాలన్నారు ముత్తులక్ష్మి. న్యాయపరంగా చూస్తే ఆ ఆలోచనకి వంక పెట్టలేం.

1927లో ఆమె తీర్మానం తెచ్చారు. 1929లో హిందూ ధర్మాదాయ చట్టానికి సవరణ సాధించారు. ఆమె చేసిన పనులన్నింటిలో నాకు ఎక్కువ తెలివైనదిగా అనిపించేది ఈ సవరణే, అయినా దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. గుడి సేవకి మాన్యం ముడిపడి ఉండేది. సేవ మానేస్తే భూమి పోతుంది. అంటే ఒక దేవదాసి తన కూతుర్ని ఆ దారిలో పెట్టకూడదనుకున్నా, సేవకి తన తర్వాత మనిషి లేకపోతే కుటుంబం వీధిన పడుతుంది. 1929 సవరణ ఆ లంకె తెంపింది. సేవ మానేసినా భూమి, లేదా దాని మీద వచ్చే ఆదాయం ఆమెకి దక్కేలా చేసింది. ఇందులో ఎవరినీ శిక్షించడం లేదు. బయటికి రాదలచినవాళ్ళకి తలుపు తీశారు. దీని ఫలం అన్ని ఇళ్ళలో ఆడవాళ్ళకే చేరిందని చెప్పలేం. కాలక్రమంలో చాలా ఇళ్ళలో అజమాయిషీ మగవాళ్ళ చేతికి పోయిందని చరిత్రకారులు రాశారు. అయినా దారి సరైనది.

1930లో సమర్పణనే నిషేధించే బిల్లు పెట్టారు. ఈ పోరాటంలో ఆమెకి ఎదురునిలిచినవాళ్ళలో సత్యమూర్తి లాంటి కాంగ్రెస్ నాయకులు ఉన్నారు. సంప్రదాయం, కళ నాశనమవుతాయన్నారు. వాళ్ళ వాదన నన్ను కదిలించదు. వాళ్ళ ఇంటి ఆడపిల్లలు ఎవరూ ఆ కళని కాపాడే బరువు మోయలేదు. నన్ను ఆపి ఆలోచింపజేసేది ఆ స్త్రీల సొంత వాదనే. నాగరత్నమ్మ ముందుండి నడిపిన మద్రాసు దేవదాసీల సంఘం ప్రభుత్వానికి విన్నపం పంపింది. మా బతుకుల మీద చట్టం చేస్తూ మా మాట వినరేమిటని అడిగారు. మా అందరినీ వేశ్యలని ఒకే గాటన కట్టకండి అన్నారు. తప్పు చేసినవాళ్ళు ఉంటే ఉన్న చట్టాలతో శిక్షించండి, మాకు చదువు ఇవ్వండి, మా విద్యని మాకు ఉంచండి అన్నారు.

ఆ చదువు మాట ముత్తులక్ష్మి కూడా అన్నదే. అక్కడ ఇద్దరూ ఒకటే. తేడా వచ్చేది పిల్ల దగ్గర. చదువు చెప్పించండి, కానీ గజ్జెపూజ మాత్రం కొనసాగనివ్వండి అంటే, ఆ పిల్ల పెద్దయ్యాక వద్దనుకుంటే ఎలా బయటపడుతుంది? ఈ ప్రశ్నకి సంఘం విన్నపంలో జవాబు దొరకదు. నాగరత్నమ్మ స్వయంగా తన ప్రతిభతో తన బతుకుని తన చేతిలోకి తెచ్చుకున్న మనిషి. అందరికీ ఆ గొంతూ ఆ పాండిత్యమూ ఉండవు కదా. ఈ ఒక్క చోట నేను ముత్తులక్ష్మి పక్షం.

ఆచారం లోపలి నుంచే వ్యతిరేకించిన స్త్రీలూ తక్కువేమీ లేరు. ఆ సంప్రదాయంలో పెరిగి బయటికొచ్చిన మూవలూరు రామామృతం అమ్మాళ్ పెరియార్ ఆత్మగౌరవ ఉద్యమంలో చేరి ఊరూరా తిరిగారు. మన తెలుగువాళ్ళలో యామినీ పూర్ణతిలకం కళావంతుల కుటుంబంలో పుట్టి, మద్రాసులో హిందూ యువతీ శరణాలయం నడిపి, ఈ ఆచారం పోవాలని గట్టిగా ప్రచారం చేశారు. దేవదాసీలందరూ చట్టాన్ని వద్దన్నారనే మాటా, అందరూ కావాలన్నారనే మాటా రెండూ తప్పే.

1930లో గాంధీజీ అరెస్టుకి నిరసనగా ముత్తులక్ష్మి శాసనమండలికి రాజీనామా చేశారు. బిల్లు అటకెక్కింది. మళ్ళీ చట్టమై వచ్చేసరికి 1947 అయింది. ఆ చట్టం సమర్పణని చెల్లదంది. సమర్పితలు చేసుకునే పెళ్ళిళ్ళు చెల్లుతాయంది. ఇంతవరకు బాగుంది. తంతు జరిపినా, సహకరించినా ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదొందల దాకా జరిమానా, లేదా రెండూ. పదహారేళ్ళు దాటితే, సమర్పితమయ్యే ఆ అమ్మాయి కూడా ఈ శిక్షకి అర్హురాలే. ఎవరిని కాపాడాలని చట్టం పుట్టిందో ఆమెనే ముద్దాయిల వరుసలో కలిపారు. గుళ్ళలో, దేవుడి ఊరేగింపుల్లో స్త్రీల నాట్యాన్నీ నిషేధించారు. చదువు గురించి గానీ, ఉపాధి గురించి గానీ, పనిపోయిన నడివయసు స్త్రీల పోషణ గురించి గానీ ఒక్క మాట లేదు. 1929 సవరణ వెనక ఉన్న ఆలోచన 1947 నాటికి ఆవిరైపోయింది.

ఈ ఇరవై ఏళ్ళలోనే మద్రాసులో ఇంకో మార్పు జరిగింది. 1928లో మ్యూజిక్ అకాడమీ, 1936లో నాట్యం నేర్పే కళాక్షేత్ర వచ్చాయి. సదిర్ అని పిలిచే ఆటకి భరతనాట్యం పేరు స్థిరపడింది. పెద్దింటి పిల్లలు నేర్చుకోవడం మొదలుపెట్టారు. కళ మీద మచ్చ పోయింది, అది మంచిదే. మచ్చ మోసినవాళ్ళ మీద మాత్రం పోలేదు. ఆ ఇళ్ళలో పుట్టిన నర్తకి బాలసరస్వతి, గాయని ఎం.ఎస్. సుబ్బులక్ష్మి లాంటి అసాధారణులు తమ బలంతో నిలిచారు. చాలా ఇళ్ళు ఊరూ పేరూ మార్చుకుని, గజ్జెలు అటక మీద పెట్టేసి, ఆ గతాన్ని పిల్లలకి కూడా చెప్పకుండా బతికాయి. ఈరోజు టీ నగర్లోనో మైలాపూరులోనో మన తెలుగు పిల్లలు డాన్స్ క్లాసులో క్షేత్రయ్య పదం నేర్చుకుంటున్నారంటే అది ఎవరి నోటి నుంచి ఎవరి నోటికి వచ్చిందో వాళ్ళకి చెప్పాలి. అరంగేట్రం కార్డు మీద ఒక వాక్యం చోటు ఉండదా?

చట్టం చేయని పనిని స్త్రీలే చేశారు. 1930లో ఆ బతుకు వద్దని పారిపోయి వచ్చిన కొందరు అమ్మాయిలకి హాస్టళ్ళలో చోటు దొరకలేదు. ముత్తులక్ష్మి వాళ్ళని తన ఇంట్లో పెట్టుకున్నారు. అవ్వై హోమ్ అలా మొదలైంది. తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా పేరుపొందిన దుర్గాబాయి పన్నెండేళ్ళ వయసులో, 1921లో, కాకినాడ వచ్చిన గాంధీజీ చేత దేవదాసీలతో, ముస్లిం స్త్రీలతో మాట్లాడించాలని పట్టుబట్టి ఐదు వేల రూపాయల విరాళం పోగుచేసిన పిల్ల. ఆమె 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్ళని మెట్రిక్ పరీక్షకి కూర్చోబెట్టారు. ఇది కేవలం దేవదాసీల కోసం పెట్టింది కాదు. అయినా ఒక ఆడది ఎవరి పోషణా లేకుండా బతకాలంటే ఏం కావాలో ఆమెకి స్పష్టంగా తెలుసు. తర్వాత 1954లో ముత్తులక్ష్మి అడయార్‌లో కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. చెల్లెలు అదే జబ్బుతో పోయిన బాధ ఆమెని వదల్లేదు. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి అక్కడికి వైద్యానికి వచ్చే మనవాళ్ళు ఈరోజుకీ ఉన్నారు.

నాగరత్నమ్మ ఆ బిల్లు గొడవ నాటికే ఇంకో చోట ఇంకో పోరాటం చేస్తున్నారు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి పాడుబడి ఉందని తెలిసి, 1920లలో తన సొంత డబ్బుతో, నగలమ్మిన డబ్బుతో అక్కడ గుడి కట్టించారు. కట్టించిన మనిషికే ఆరాధనలో పాడే హక్కు లేదన్నారు. అప్పటికి మగవాళ్ళవే రెండు వర్గాలు ఉండేవి, ఆరాధన ఎవరు చేయాలని కొట్టుకుంటూ. నాగరత్నమ్మ ఆడవాళ్ళని కూడగట్టి మూడో బృందం కట్టారు. గుడి వెనక వైపు పాడుతూ మొదలుపెట్టి, 1940ల మొదటికి అన్ని బృందాలూ ఒకటయ్యేదాకా పట్టు వదల్లేదు. ఇప్పుడు పుష్య బహుళ పంచమి నాడు ఘనరాగ పంచరత్నాలు ఆడా మగా కలిసి కూర్చుని పాడుతున్నారు.

1952లో ఆమె పోయారు. ఆ ఏడాదే వావిళ్ళ వారు ‘రాధికాసాంత్వనం’ మళ్ళీ అచ్చు వేశారు. తన ఆస్తిని ఆమె త్యాగరాజస్వామి సన్నిధి పేర ట్రస్టుకి రాశారు. ఆ వీలునామాలో ఒక షరతు ఉంది. ఆ సన్నిధిలో స్త్రీలకి, దేవదాసీలతో సహా, పాడుకునే హక్కూ సేవ చేసుకునే హక్కూ ఉండాలని. శాసనమండలిలో ఆమె మాట నెగ్గలేదు. ఆస్తి ఆమెది కాబట్టి ఇక్కడ షరతు పెట్టగలిగారు, ట్రస్టు దాన్ని ఒప్పుకోవాల్సి వచ్చింది.